సంక్రాంతికి విమానం టికెట్టు కొనే ముందు

అమెరికాలో స్కూళ్లకు డిసెంబరు మూడో వారంలో సెలవులు మొదలవుతాయి. ఇక్కడ జనవరి రెండో వారానికి సంక్రాంతి. ఈ రెండింటి మధ్య ఊరికి వచ్చి పోదామనుకునే వాళ్లంతా ఇంచుమించు అవే తేదీలకు, అవే విమానాలకు ఎగబడతారు. మా ఇంట్లో అందరికీ టికెట్లు వెతికిపెట్టే పని పదిహేనేళ్లుగా నా నెత్తిన ఉంది. నేను చూసినంతలో ఈ సీజన్లో ఎక్కువ డబ్బు పోయేది చౌకగా దొరికిందని కొన్న టికెట్ల మీదే.

మా అక్క సంగతే చెప్తాను. మూడేళ్ల కిందట అక్క, వాళ్లబ్బాయి డాలస్ నుంచి వస్తున్నారు. గన్నవరం దాకా ఒకే టికెట్టయితే మనిషికి 140 డాలర్లు ఎక్కువ పడుతోందని షంషాబాద్ దాకా ఒకటి, అక్కణ్ణుంచి గన్నవరానికి వేరే ఎయిర్‌లైన్‌లో ఇంకొకటి కొన్నారు. నన్నడిగితే నేనూ బాగానే ఉంది కదా అన్నాను. అమెరికా విమానంలో మనిషికి 23 కిలోల సూట్‌కేసులు రెండేసి, అంటే మొత్తం 92 కిలోలు. దేశంలో తిరిగే విమానంలో మనిషికి 15 కిలోలే, ఇద్దరికీ కలిపి 30. మిగిలిన 62 కిలోలకు కిలో 550 రూపాయల చొప్పున కౌంటర్లో అమ్మాయి కాలిక్యులేటర్ మీద కొట్టి చూపించింది: 34,100. అక్క ఆ అంకె ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టింది. కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆ రెండు గన్నవరం టికెట్లూ వదిలేసి, టాక్సీ మాట్లాడుకుని రాత్రికి తెనాలి చేరారు.

ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఊరి దాకా టికెట్టుంటే అమెరికాలో ఇచ్చిన లగేజీ లెక్కే చివరిదాకా నడుస్తుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత కూడా ఎయిర్‌లైన్‌దే. రెండు టికెట్లయితే రెండో ఎయిర్‌లైన్‌కు మీరు ఎందుకు రాలేదన్నది అనవసరం. నో-షో అని రాసుకుంటారు, అంతే. కొన్ని ట్రావెల్ సైట్లు ఒకే పేజీలో ఒకే ధర చూపించి లోపల రెండు వేరు టికెట్లు అంటగడతాయి. 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అన్న మాట చిన్న అక్షరాల్లో ఎక్కడైనా ఉందేమో డబ్బు కట్టే ముందు వెతకండి.

ఢిల్లీ మీదుగా వచ్చేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. డిసెంబరు, జనవరిలో అక్కడి పొగమంచు సంగతి తెలిసిందే. పైగా టికెట్టు ఒకటే అయినా మామూలుగా దేశంలో దిగిన మొదటి చోటే సూట్‌కేసులు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. రెండు విమానాల మధ్య గంటన్నర లేఓవర్ చూసి మురిసిపోకండి, నాలుగు గంటలైనా ఉండేట్టు చూసుకోండి. దేశీయ విమానం విడిగానే కొనాల్సి వస్తే ఆ రాత్రికి హైదరాబాద్‌లో ఎవరింట్లోనైనా ఆగి మర్నాడు ఎక్కండి. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయినప్పుడు, విడి టికెట్ల మీద ఉన్నవాళ్లకు రెండో టికెట్టు గురించి అడగడానికి దిక్కే లేకపోయింది.

ధర కింద దాగిన ధరలు

తెర మీద కనిపించే మొదటి అంకెను నమ్మకండి. సీటు ఎంపిక, భోజనం, బీమా, కన్వీనియెన్స్ ఫీజు అన్నీ కలిపి ఆఖరి పేజీలో ఎంతయిందో చూసి పోల్చండి. మనం అడక్కుండానే బీమానో, దానమో బిల్లులో చేర్చేయడాన్ని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో డార్క్ పాటర్న్‌గా, అంటే కొనేవాళ్లను మభ్యపెట్టే పద్ధతిగా పేర్కొంది. అయినా ఆ టిక్కులు ఒకసారి చూసుకుని తీసేయాల్సింది మనమే.

పిల్లలతో వెళ్లేవాళ్లు సీట్లు విడిపోతాయేమోనన్న టెన్షన్‌తో డబ్బు కట్టేస్తుంటారు. ఒకే పీఎన్ఆర్ మీద ఉన్న పన్నెండేళ్లలోపు పిల్లలకు అమ్మ పక్కనో నాన్న పక్కనో సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇక్కడి ఎయిర్‌లైన్లకు చెప్పింది. కౌంటర్లో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు విడిగా వసూలు చేయకూడదని 2022 జూలైలో విమానయాన శాఖ చెప్పింది. ఈ రెండూ గుర్తుంటే చాలు, కౌంటర్ దగ్గర నెమ్మదిగా అడగొచ్చు.

బరువు ఎక్కువవుతుందని ముందే తెలిస్తే అదనపు కిలోలు సైటులోనే కొనుక్కోండి, ఎయిర్‌పోర్టులో కొనే దానికంటే తక్కువ పడుతుంది. సూట్‌కేసు పిడికి తగిలించే చిన్న తూకం ఒకటి ఇంట్లో ఉంచుకుంటే మంచిది. చేతి సంచికి ఎక్కువ చోట్ల 7 కిలోలే. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి, సూట్‌కేసులో కాదు. ఇక అమ్మలు సూట్‌కేసులోంచి తీసేయడం మర్చిపోయే వస్తువు ఎండు కొబ్బరి. నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకునే సరుకు కింద దాన్ని 2022 నుంచి ఇక్కడ చెకిన్ లగేజీలో ఆపుతున్నారు. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు విప్పించి, ఆవకాయ జాడీ మీదున్న చీరలన్నీ నేల మీద పరిపించడం నేను కళ్లారా చూశాను.

పేరు

ఇది మన వాళ్లకే ఎక్కువగా వచ్చే చిక్కు. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల టికెట్టులో ఏది మొదటి పేరు, ఏది చివరి పేరు అన్నది తారుమారవుతుంది. పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండటమూ మామూలే. టికెట్టు ఫారంలో ఆ గడి ఖాళీగా వదలనివ్వదు కాబట్టి పిల్లలు తోచిన ఇంటిపేరు కొట్టేస్తారు. అలా చేయకండి. పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టాలి. సర్‌నేమ్ లేకపోతే ఏం రాయాలో ఆ ఎయిర్‌లైన్‌నే అడగండి, ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. దారిలో దుబాయ్ నాలుగు రోజులు చూద్దామనుకుంటే ఇంకో మెలిక ఉంది: పాస్‌పోర్టులో ఒకటే పేరున్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరు 21 నుంచి నిబంధన పెట్టింది.

యూరప్ మీదుగా వచ్చే చౌక టికెట్టు చూసినప్పుడు పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు కూడా చూసుకోండి. హెచ్-1బీ పొడిగింపు కాగితం చేతిలో ఉండి స్టాంపు గడువు తీరిపోయిన వాళ్లను, అక్కడ విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా అడిగే దేశాలున్నాయి. ఆ దేశపు కాన్సులేట్ సైటులో చూశాకే కొనాలి. దోహా, దుబాయ్, అబుదాబిలో ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్లనంతవరకు ఈ గొడవ లేదు.

వాట్సాప్ ఏజెంటు, పీఎన్ఆర్

నవంబరు వచ్చేసరికి కమ్యూనిటీ గ్రూపుల్లో 'అందరికంటే 300 డాలర్లు తక్కువ' అని మెసేజీలు మొదలవుతాయి. నమ్మకమైన ఏజెంట్లు లేరని కాదు. కానీ డబ్బు పంపగానే వాళ్లిచ్చేది ఆరక్షరాల పీఎన్ఆర్, అది సీటు పట్టి ఉంచారన్న గుర్తు మాత్రమే. టికెట్టు అయిందంటే 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉండాలి. అందులో మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్‌వి: ఎయిర్ ఇండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, ఖతార్‌కు 157. ఆ పీఎన్ఆర్‌ను ఎయిర్‌లైన్ సొంత సైటులో కొట్టి, ఈ నంబరు కనిపిస్తేనే నిద్రపోండి. వేరేవాళ్ల మైల్స్‌తో, అంటే ప్రయాణాలకు ఎయిర్‌లైన్లు ఇచ్చే పాయింట్లతో తీసిన టికెట్టు అమ్మేవాళ్లూ ఉంటారు. మైల్స్ అమ్మకం నిబంధనలకు విరుద్ధం కాబట్టి పట్టుబడితే టికెట్టు రద్దవుతుంది. ఇవతల మీరు సూట్‌కేసులతో నిలబడి ఉంటారు.

విమానం రద్దయినప్పుడు కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, పైన కనిపించిన దానికి ఫోన్ చేయకండి. దొంగ నంబర్లు అక్కడే కాచుకుని ఉంటాయి. ఎయిర్‌లైన్ యాప్‌లో ఉన్న నంబరే వాడండి. ఇండియాలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

మైల్స్ గురించి

ఈ సీజన్లో మైల్స్ మీద ఆశ పెట్టుకోవద్దని నా మాట. మైల్స్‌తో ఇచ్చే సీట్లు రద్దీ రోజుల్లో చాలా తక్కువ. దొరికినా పన్నులు, సర్‌చార్జీలు మనమే కట్టాలి, కొన్ని ఎయిర్‌లైన్లలో అవే వందల డాలర్లు. సీటు ఉందని కళ్లతో చూడకుండా క్రెడిట్ కార్డు పాయింట్లను ఎయిర్‌లైన్‌కు బదిలీ చేస్తే మళ్లీ వెనక్కి రావు. వాడుకోవడం తర్వాత సంగతి, కూడబెట్టుకోవడానికి మాత్రం ఇదే సీజన్. చంటిపిల్లలను వదిలేస్తే ప్రతి ఒక్కరి పేరు మీద, సీటు కొన్న పిల్లలకైనా సరే, విడివిడిగా ఖాతా తెరవండి. ఖర్చేమీ లేదు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మైల్స్ ఖాతాలో పడేదాకా బోర్డింగ్ పాస్ ముక్క పారేయకండి, పడకపోతే అడగడానికి అదే ఆధారం. మరీ చౌక తరగతి టికెట్లకు పడే మైల్స్ కూడా నామమాత్రమే.

ఎక్కిన ప్రతి విమానానికి ఒక ఖాతా తెరిస్తే ఎందులోనూ చాలినన్ని ఉండవు. ఎయిర్ ఇండియా 2014 జూలై నుంచి స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలో ఉంది, యునైటెడ్, లుఫ్తాన్సా, సింగపూర్ అందులోవే. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఒన్‌వరల్డ్ కూటమిలో ఉన్నాయి. ఒకే కూటమిలో ఏ విమానం ఎక్కినా మైల్స్ ఒకే ఖాతాలో వేయించుకోవచ్చు. ఏదో ఒక గూటికి కట్టుబడండి. దాచిపెట్టుకోవడమూ మంచిది కాదు. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాడే ఏవియోస్ అనే మైల్స్ 36 నెలలు ఏ కదలికా లేకపోతే పోతాయి. యునైటెడ్, డెల్టా మైల్స్‌కు గడువు లేదు గానీ, టికెట్టుకు ఎన్ని కావాలన్నది వాళ్లు పెంచుకుంటూ పోవచ్చు. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడు మా మామయ్య దాచుకున్నవన్నీ గాలికి పోయాయి. ఇప్పటికీ ఆ కార్డు పర్సులో పెట్టుకుని తిరుగుతాడు.

ధర తగ్గాలంటే

అర్ధరాత్రి వెతకాలి, మంగళవారమే కొనాలి అన్న చిట్కాలతో నాకైతే ఎప్పుడూ రూపాయి కలిసిరాలేదు. గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల పట్టిక తీసి రెండు రోజులు అటూ ఇటూ జరిపితే కలిసొచ్చింది. డిసెంబరు 25నే ఎక్కితే తరచూ తక్కువ పడుతుంది. నెల్లూరు, తిరుపతి వాళ్లు చెన్నైకి, అనంతపురం, హిందూపురం వాళ్లు బెంగళూరుకు కూడా ధర చూడాలి, రోడ్డు దూరం కూడా తగ్గుతుంది. ధర ఎక్కడ వెతికినా కొనేది మాత్రం ఎయిర్‌లైన్ సైటులోనే కొనండి. తర్వాత తేదీ మార్చాలన్నా, డబ్బు వెనక్కి రావాలన్నా మధ్యవర్తి ఉంటే ఫోన్ల మీదే గడిచిపోతుంది.

నేరుగా కొంటే ఇంకో లాభం కూడా ఉంది. అమెరికాకు వచ్చిపోయే విమానాలకు, ప్రయాణం కనీసం 7 రోజుల దూరంలో ఉంటే, కొన్న 24 గంటల్లో పైసా కోత లేకుండా రద్దు చేసుకోవచ్చు. లేదా డబ్బు కట్టకుండా 24 గంటలు ఆ ధరకే పట్టి ఉంచుతారు. ఎయిర్‌లైన్ ఈ రెండింటిలో ఏదో ఒకటి ఇవ్వాలన్నది అక్కడి రవాణా శాఖ నిబంధన. మన దేశీయ టికెట్లకు కూడా డీజీసీఏ ఇలాంటి వెసులుబాటే పెట్టింది. కొన్న రాత్రే పేర్లు, తేదీలు మళ్లీ ఒకసారి చూసుకోండి. రానూపోనూ ఒకే టికెట్టయితే మధ్యలో ఒక విమానం ఎగ్గొట్టకండి, చెప్పకుండా మానేస్తే తిరుగు ప్రయాణం కూడా రద్దయిపోవచ్చు.

చాలామందికి తెలియనిది ఒకటుంది. దేశీయ టికెట్టు రద్దు చేసుకున్నా, అసలు ఎక్కకపోయినా, ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కివ్వాలి. రద్దు చార్జీ మూల ధర, ఇంధన చార్జీ కలిపినదాన్ని దాటకూడదు. అడిగితేనే కదిలే వ్యవహారం ఇది. కదలకపోతే విమానయాన శాఖ వారి ఎయిర్ సేవా పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. అక్క వదిలేసిన రెండు గన్నవరం టికెట్లకు నేను అలాగే అడిగితే నెల తర్వాత 1,300 చిల్లర వచ్చింది. ఫోన్ చేసి చెప్తే, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు టోల్ గేట్ల డబ్బులు, సూర్యాపేటలో డ్రైవర్‌కి పెట్టించిన భోజనం డబ్బులు వచ్చాయిలే అంది.