పెంపుడు కుక్కతో, కుటుంబంతో విజయనగరంలో పార్కుకు వెళ్లేవారికి

పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని కుటుంబమంతా పార్కుకు వెళ్లాలని అనుకున్నప్పుడు, బయలుదేరే ముందే ఇంట్లో ఒక విషయం తేల్చుకోవాలి. కుక్క గొలుసు ఎవరి చేతిలో ఉంటుంది, పిల్లలను ఎవరు చూసుకుంటారు? ఈ రెండు బాధ్యతలూ ఒకే మనిషి మీద పడకూడదు. పాప ఉయ్యాల వైపు పరుగెత్తిన క్షణంలోనే కుక్క ఎదురుగా వస్తున్న మరో కుక్క మీదికి లంకించుకుంటే, ఒక్క మనిషి రెండు వైపులా లాగలేడు. పార్కుల్లో జరిగే చిన్నాపెద్దా ప్రమాదాల్లో చాలా భాగం ఈ ఏర్పాటు లేకపోవడం వల్లే జరుగుతాయని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరు రాలేని రోజున పిల్లలతో ఒక పూట, కుక్కతో ఒక పూట విడివిడిగా వెళ్లడం మేలు. పదేళ్ల పిల్లవాడు ఎంత బతిమాలినా గొలుసు అతని చేతికి ఒంటరిగా ఇవ్వవద్దు; పెద్దవారు గొలుసు పట్టుకొని, దానికి కట్టిన రెండో తాడును పిల్లవాడికి ఇస్తే అతని ముచ్చటా తీరుతుంది, పట్టూ తప్పదు.

ఎక్కడికి వెళ్లాలి

మున్సిపల్ పార్కులు చాలావాటిలో కుక్కలను లోపలికి రానివ్వరు. కొన్నిచోట్ల గేటు దగ్గర బోర్డు ఉంటుంది, కొన్నిచోట్ల కాపలాదారు మాటే నియమం. అందువల్ల కుటుంబంతో బయలుదేరే ముందు రోజే ఒక్కరు వెళ్లి అడిగి రావడం మంచిది. పిల్లలు టిక్కెట్టు కోసం ఎగురుతుండగా గేటు దగ్గర వాదన పెట్టుకోవడం ఎవరికీ బాగుండదు. "బాబూ, కుక్కను గొలుసుతో పట్టుకుంటాం, శుభ్రం కూడా మేమే చేస్తాం, ఏ వేళలో తీసుకురావచ్చు?" అని మర్యాదగా అడిగితే, రద్దీ లేని వేళ చెప్పేవారు ఉంటారు. వద్దంటే వెనుదిరగాలి. ఆ కాపలాదారు తన పై అధికారికి జవాబు చెప్పుకోవలసిన మనిషి.

పార్కులో వీలుకానప్పుడు విజయనగరంలో వేరే దారులు లేకపోలేదు. అయ్యకోనేరు గట్టు, పెద్ద చెరువు గట్టు, అయోధ్య మైదానం వంటి తెరిపి చోట్లు తెల్లవారుజామున కుక్కను నడిపించడానికి అనువైనవి. అయితే చెరువు గట్టున నీళ్ల అంచుకు కుక్కను దిగనివ్వవద్దు. నిలవ నీటిలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కకూ, దాని నుంచి మనుషులకూ సోకే అవకాశం ఉంది. వానాకాలంలో గట్ల మీద తిరిగే గోదురు కప్పను కుక్క నోట కరిస్తే ఆ కప్ప చర్మం నుంచి వెలువడే విషం వల్ల నురగలు కక్కుతుంది. వెంటనే నోటిని బయటి వైపుకు, అంటే నీళ్లు గొంతులోకి జారకుండా, పక్కకు వంచి కడిగి పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో కుక్కతో ఊరి నడిబొడ్డుకు అసలు రావద్దు. విజయదశమి తరువాత వచ్చే సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. ఆ రెండు రోజులూ మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వరకు ఇసుక వేస్తే రాలని జనం ఉంటారు. డప్పులు, బాణసంచా మోతకు బెదిరిన కుక్క పట్టీ తెంచుకొని పరుగు తీస్తే ఆ జనంలో దాన్ని వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. దీపావళి వారానికీ ఇదే మాట వర్తిస్తుంది.

టీకాలు పూర్తి కానిదే బయటికి తీయవద్దు

ఇంటికి తెచ్చిన కుక్కపిల్లను వెంటనే పార్కులో చూపించాలని పిల్లలు పట్టుబడతారు. ఇక్కడ పెద్దవాళ్లు గట్టిగా ఉండాలి. పార్వో అనే వైరస్ జబ్బు కుక్కపిల్లల ప్రాణం రెండు మూడు రోజుల్లోనే తీయగలదు, పైగా అది నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. జబ్బు కుక్క ఎప్పుడో విసర్జించిన చోట మీ కుక్కపిల్ల ముక్కు పెట్టి వాసన చూస్తే చాలు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వయసు వరకు సాగుతాయి. చివరి టీకా వేసిన తరువాత మరో రెండు వారాలు ఆగి, అప్పుడు బహిరంగ ప్రదేశాలకు తీసుకువెళ్లాలి. ఈలోగా ఒళ్లో ఎత్తుకొని వీధి శబ్దాలను పరిచయం చేయవచ్చు, నేల మీద దించకూడదు.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదటిది, పశువైద్యులు చెప్పిన గడువులో రెండోది, ఆ తరువాత ఏటా వేయించాలి. 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేయించిన జూలై 6ను జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా పాటిస్తారు. ఆ రోజు మన రాష్ట్రంలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. టీకా కార్డును ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. మీ కుక్క గోరు ఎవరికైనా గీరుకుంటే ఆ ఫోటో చూపించడం వల్ల అవతలివారి భయం సగం తగ్గుతుంది.

నులిపురుగుల మందు విషయం చాలామంది పట్టించుకోరు, కాని పిల్లలున్న ఇంటికి ఇది టీకా అంత ముఖ్యం. కుక్క మలంలోని ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగుల పిల్లలు పార్కు ఇసుకలో చేరితే, ఆ ఇసుకలో చెప్పుల్లేకుండా ఆడే పిల్లల చర్మం గుండా కొంకిపురుగు పిల్లలు లోపలికి చొరబడి, పాదాల మీద మెలికలు తిరిగిన ఎర్రటి దురద గీతలు పుట్టిస్తాయి. అందువల్ల కుక్కకు మూడు నెలలకొకసారి పశువైద్యుల సలహాతో మందు వేయాలి, జారుడుబల్ల, ఉయ్యాలల కింది ఇసుకలోకి కుక్కను పొరపాటున కూడా తీసుకురాకూడదు. ఆ ఇసుక మీ పిల్లలతోపాటు ఊళ్లో పిల్లలందరిదీ.

ఏ వేళలో

మన జిల్లాలో ఎండ ఒక్కటే కాదు, సముద్రపు గాలి తెచ్చే ఉక్కపోత కూడా లెక్కలోకి తీసుకోవాలి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చినప్పుడు ఆవిరయ్యే తేమతోనే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. గాలిలోనే తేమ నిండి ఉన్న రోజున ఆ ఆవిరి సరిగా పోదు, అందుకే మనకు ఓర్చుకోదగ్గ వేడి కూడా దానికి ప్రాణాంతకం కావచ్చు. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మార్చి నుంచి జూన్ వరకు ఉదయం ఏడు లోపలో, సాయంత్రం ఆరు తరువాతో మాత్రమే వెళ్లాలి. సిమెంటు బాట మీద అరచేతి వెనుక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, ఆ బాట కుక్క పాదాలకు కూడా కాలుతుందని అర్థం.

కుక్క విపరీతంగా వగరుస్తూ, చొంగ కారుస్తూ, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరిగి, కాళ్లు తడబడుతుంటే వడదెబ్బగా భావించి నీడకు చేర్చండి. పొట్ట, పాదాలు, గజ్జల మీద మామూలు చల్లని నీళ్లు పోసి విసరండి. ఐసు నీళ్లు పోయవద్దు. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి బయటికి రాకుండా పోతుంది. తేరుకున్నట్టు కనిపించినా సరే, పశువైద్యులకు చూపించాలి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఉత్తరాంధ్రలో చెట్లను ఎలా కూల్చిందో చూసినవారికి చెప్పనక్కరలేదు. గాలివాన వెలిసిన మరుసటి రోజుల్లో తురాయి, నిద్రగన్నేరు వంటి పెళుసు చెట్ల మీద విరిగిన కొమ్మలు వేలాడుతూ ఉంటాయి, వాటి కింద దుప్పటి పరచి కూర్చోవద్దు.

వెంట ఏమి ఉండాలి

కుక్కకు తాగేందుకు ఇంటి నీళ్లు, ఒక చిన్న గిన్నె, మలం ఎత్తేందుకు పాత పత్రికల కాగితాలు సరిపడినన్ని, చేతులు కడుక్కునేందుకు సబ్బు ముక్క. 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం కనుక కాగితమే నయం. మలాన్ని కాగితంలో మడిచి చెత్తబుట్టలో వేయండి, బుట్ట లేకపోతే ఇంటికి తెచ్చుకోండి. పొదల్లోకి విసిరేస్తే మరునాడు ఉదయం పార్కు ఊడ్చే అమ్మ చేతికి అది తగులుతుంది.

గొలుసు నాలుగైదు అడుగులు ఉంటే చాలు. బటన్ నొక్కితే సాగిపోయే పట్టీలు రద్దీ చోట్లకు పనికిరావు. సాగిన తాడు ముసలివారి కాళ్లకు చుట్టుకొని పడేస్తుంది. మెడపట్టీ జారిపోయే కుక్కకు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడండి. మెడలో మీ ఫోను నంబరు చెక్కిన బిళ్ల వేయండి. స్కూటరు ముందు భాగంలో కుక్కను నిలబెట్టుకొని రావడం మాత్రం వద్దు. ఆటో మాట్లాడుకునేటప్పుడే "కుక్క కూడా ఉందండి" అని చెప్పి, సీటు మీద పరిచేందుకు పాత దుప్పటి తెచ్చుకుంటే డ్రైవర్లు సాధారణంగా కాదనరు. పిల్లిని పార్కుకు తీసుకురాకపోవడమే దానికి సుఖం.

పార్కు లోపల

గేటు దాటగానే నేరుగా జనం మధ్యకు వెళ్లక, ఓ పక్కగా పది నిమిషాలు నడిపించి, కుక్క మలమూత్రాలు విడిచి, వాసనలకు అలవాటు పడిన తరువాత కూర్చునే చోటికి రండి. పిల్లల ఆట స్థలం ఒక వైపు, కుక్క మరో వైపు ఉండేలా చోటు ఎంచుకోండి. ఎదురుగా ఎవరైనా జంకుతూ వస్తుంటే మీరే బాట దిగి పక్కకు జరిగి, కుక్కను మీ కాలి పక్కన కూర్చోబెట్టి, వారిని ముందు పోనివ్వండి. "ఏమీ చేయదండీ" అన్న మాట భయపడే మనిషికి ధైర్యం ఇవ్వదు, ఎడం ఇస్తుంది ధైర్యం. ఇతరుల పిల్లలు ముద్దు చేయాలని వస్తే వారి తల్లిదండ్రుల అనుమతి అడగండి. ఒక్కొక్కరిగా, పక్క నుంచి వచ్చి, ముందు చేయి వాసన చూడనిచ్చి, తల మీద కాకుండా గదమ కింద నిమరమని చెప్పండి. కుక్క ముఖం తిప్పుకున్నా, పెదవులు నాక్కుంటున్నా, తోక కిందికి దించినా ఇక చాలని అది చెబుతున్నట్టే. అప్పుడు అక్కడితో ఆపించండి. మీ సొంత పిల్లలకూ ఇదే పాఠం నేర్పాలి, వేరేవారి కుక్క దగ్గరికి అడగకుండా వెళ్లకూడదని.

తిండి విషయంలో జాగ్రత్త పడవలసినది మన ముంత మసాలా, మురీ మిక్చర్ పొట్లాల గురించే. వాటిలోని ఉల్లిపాయ కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా దానికి విషమే. పొట్లం ఖాళీ అయినా నేల మీద పెట్టవద్దు. పార్కుల్లో అందం కోసం పెంచే గన్నేరు, పచ్చ గన్నేరు మొక్కల ఆకులు, పూలు, కాయలు అన్నీ గుండెను దెబ్బతీసే విషం కలిగినవి. పచ్చ గన్నేరు కాయలతో పిల్లలు ఆడుకుంటారు, గన్నేరు పుల్లను విసిరి కుక్కతో తెప్పిస్తారు. ఈ రెండూ ప్రమాదమే. లోపలికి వెళ్లగానే ఆ మొక్కలను పిల్లలకు వేలితో చూపించి ముట్టుకోవద్దని చెప్పండి.

వీధికుక్కలు ఎదురైతే

చెవి కొనకు చిన్న గాటు ఉన్న వీధికుక్క కుటుంబ నియంత్రణ ఆపరేషను అయినదని గుర్తు. ఆ సమయంలో దానికి రేబిస్ టీకా కూడా వేస్తారు, కాని ఏటా వేస్తారన్న హామీ ఏమీ లేదు. గుంపు మీ కుక్కను చూసి మొరుగుతూ వస్తే పరుగెత్తవద్దు, రాళ్లు వేయవద్దు. గొలుసు దగ్గరగా పట్టి, పిల్లలను పెద్దవారి వెనక్కి చేర్చి, వాటికి పూర్తిగా వీపు తిప్పకుండా మెల్లగా వచ్చిన దారినే వెనక్కి నడవండి.

ఏ కుక్క కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా, ఆ చోటును పారే నీటి కింద సబ్బుతో పూర్తిగా పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే టీకా ఉచితంగా వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు (దీన్ని సున్నా రోజుగా లెక్కిస్తారు), తరువాత 3, 7, 28వ రోజులు. రక్తం వచ్చిన గాయానికి దీనితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే, వైరస్‌ను వెంటనే అడ్డుకునే సూది మందు కూడా అవసరం కావచ్చు కనుక వైద్యుడిని అడగండి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మందు లేదు. అందువల్ల తెలిసిన వారి కుక్కే కదా అని ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి.

ఇంటికి వచ్చాక

కుక్క కాలి వేళ్ల సందులు, చెవుల లోపల, చంకలు, తోక మొదలు వెతికి పిడుదులు కనిపిస్తే, చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకొని నిట్టనిలువుగా లాగి, సబ్బు నీళ్లలో వేయండి. చేతి గోళ్లతో నలపవద్దు, కిరోసిన్ పోయవద్దు. పిల్లల చేతులు, కాళ్లు సబ్బుతో కడిగించి అప్పుడే అన్నం పెట్టండి. ఒకటి నుంచి మూడు వారాల లోపల కుక్క తిండి మానినా, జ్వరంతో మూలిగినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా అది పిడుదుల జ్వరం కావచ్చు. పార్కుకు ఎప్పుడు వెళ్లారో, పిడుదు ఎక్కడ కనిపించిందో పశువైద్యులకు చెప్పి రక్తపరీక్ష చేయించండి.