కిరాణా దుకాణదారు ఆదాయపు పన్ను రిటర్ను: 44ఏడీ లెక్క

దుకాణం నడిపే వ్యక్తి ప్రతి ఖర్చుకూ బిల్లు దాచి, పూర్తి లెక్కల పుస్తకాలు రాయడం కష్టమని గుర్తించే ఆదాయపు పన్ను చట్టం 44ఏడీ సెక్షన్‌ను ఇచ్చింది. దీని ప్రకారం అమ్మకాల్లో నిర్ణీత శాతాన్ని లాభంగా చూపితే చాలు. ఇక్కడ చెప్పేది 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి వర్తించే లెక్క.

ఏడాది అమ్మకాలు 2 కోట్ల రూపాయలు మించని వ్యాపారులు దీన్ని ఎంచుకోవచ్చు. నగదు వసూళ్లు మొత్తంలో 5 శాతం లోపే ఉంటే ఆ పరిమితి 3 కోట్లు. కమీషన్ మీద పనిచేసేవారికి, అంటే బీమా ఏజెంట్ల వంటివారికి, ఈ వెసులుబాటు లేదు. ఈ సంగతి తెలియక ఐటీఆర్-4 (44ఏడీ కింద లాభం చూపేవారి రిటర్ను ఫారం) వేసేవారు ఉన్నారు కనుక ముందే చెబుతున్నాను.

నగదు అమ్మకాలపై 8 శాతం, యూపీఐ, చెక్కు, బ్యాంకు బదిలీల ద్వారా వచ్చిన సొమ్ముపై 6 శాతం లాభంగా చూపాలి. ఏడాదికి 60 లక్షల అమ్మకాల్లో 40 లక్షలు ఫోన్ ద్వారా, 20 లక్షలు గల్లాపెట్టెలోకి వచ్చాయనుకుందాం. మొదటిదానిపై 2,40,000, రెండోదానిపై 1,60,000, కలిపి 4,00,000 రూపాయలు లాభం. అంతా నగదే అయి ఉంటే 4,80,000 చూపాల్సి వచ్చేది. ఇవి కనీస శాతాలు మాత్రమే. నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి.

శాతం వేయడం నిమిషం పని, అసలు శ్రమంతా అమ్మకాల మొత్తాన్ని సరిగా తేల్చడంలోనే ఉంది. కౌంటరు మీది క్యూఆర్ కోడ్‌కు సరుకు డబ్బుతో పాటు కొడుకు పంపిన సొమ్ము, చీటీ పాట డబ్బు, బావమరిది తీర్చిన చేబదులు కూడా వస్తుంటాయి. అవి అమ్మకాలు కావు. కాబట్టి వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి. అది కుదరకపోతే ప్రతి రాత్రి దుకాణం కట్టేసే ముందు ఒక నోటుపుస్తకంలో నగదు, ఫోన్, అరువు అని మూడు గళ్లు గీసి రాసుకోండి. అరువుకిచ్చిన సరుకూ అమ్మకమే. జీఎస్టీ రిటర్నుల్లో చూపిన అమ్మకాలకూ ఇక్కడి అంకెకూ తేడా వస్తే నోటీసు రావచ్చు.

కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల వరకు ఉంటే, షేర్ల లాభాల వంటి ప్రత్యేక రేటు ఆదాయం లేనివారికి, రిబేటు (పన్నులో ఇచ్చే తగ్గింపు) వల్ల పన్ను పడదు. అయినా ఆదాయం 4 లక్షలు దాటినా, వ్యాపార అమ్మకాలు 60 లక్షలు దాటినా రిటర్ను వేసి తీరాలి. "పన్నే లేదు కదా" అని మానేయడమే చాలామంది చేసే పొరపాటు, ఆ తర్వాత బ్యాంకు రుణానికి వెళ్లినప్పుడు చూపడానికి వారి చేతిలో కాగితం ఉండదు.

పన్ను 10,000 లేదా అంతకు మించి పడేవారు ముందస్తు పన్ను మొత్తాన్ని మార్చి 15 లోగా ఒకే వాయిదాలో కట్టవచ్చు. 44ఏడీలోకి వచ్చాక తర్వాతి అయిదేళ్లలో ఎప్పుడైనా బయటికి వెళ్తే, ఆపై అయిదేళ్లు దీన్ని వాడుకునే వీలుండదు. ఒక్క ఏడాది నష్టం చూపాలన్న తొందరలో ఈ నిర్ణయం తీసుకోకండి.

రిటర్ను నింపే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ (మీ ఏడాది లావాదేవీల పట్టిక), 26ఏఎస్ (మీ పేరిట జమైన పన్ను వివరాలు) తెరిచి, బ్యాంకు వడ్డీతో సహా అన్నీ చూసుకోండి. పంపాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీ వంటి పద్ధతిలో ధ్రువీకరించాలి. అలా చేయని రిటర్ను చెల్లదు.