నికెల్ విలువ పెరుగుతుంటే చిక్కు అల్యూమినియంలో దొరికింది

14 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తి గల న్యూట్రాన్లతో నికెల్-58 కోబాల్ట్-58గా మారే చర్యకు క్రాస్-సెక్షన్ (ఆ చర్య జరిగే అవకాశానికి కొలత) కొలుస్తుంటే, విలువ ప్రతిసారీ పాత డేటా కన్నా పైనే వచ్చేది. నికెల్ రేకు బరువు సరే, డిటెక్టర్ ఎఫిషియెన్సీ (వెలువడే గామా కిరణాల్లో అది పట్టే వాటా) సరే. టెన్షన్ పట్టుకుంది.

ఫ్లక్స్ (రేకులపై పడే న్యూట్రాన్ల జోరు) కొలవడానికి పెట్టిన అల్యూమినియం రేకు గామా స్పెక్ట్రమ్‌లో 4123 కేఈవీ (వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు ఒక కేఈవీ) దగ్గర బుల్లి పీక్ కనిపించింది. న్యూట్రాన్లు తగిలి అల్యూమినియంలో పుట్టే సోడియం-24 వెంటవెంటనే వదిలే 1369, 2754 గామాల మొత్తం అది! రెండూ కలిసి డిటెక్టర్లో పడటంతో 1369 పీక్ తరిగి, ఫ్లక్స్ తక్కువని తేలుతోంది. అందుకే నికెల్ విలువ ఉబ్బింది.

రెండు గామాలూ కలిసి పడటం తగ్గేలా అల్యూమినియం రేకును డిటెక్టర్ నుంచి 20 సెంటీమీటర్ల దూరం జరిపి, అక్కడి ఎఫిషియెన్సీతో లెక్కించాను. తేడా పోయింది. సోడియం-24 అర్ధాయువు 15 గంటలే కనుక ముందు దాన్నే డిటెక్టర్ దగ్గర పెట్టాలి. కోబాల్ట్-58కి 71 రోజులు. పైగా దాని 9 గంటల ఐసోమర్ (అదే కేంద్రకం ఎక్కువ శక్తితో కాసేపు నిలిచే రూపం) కరిగేదాకా ఎలాగూ ఆగాలి. నికెల్‌కు కౌంట్లు తక్కువ, దగ్గరే ఉంచాను. దాని 811 గామా, పాజిట్రాన్ల వల్ల వచ్చే 511 గామాతో కలిసే నష్టానికి చిన్న సవరణ సరిపోయింది.