ప్రాంతీయ బ్యాంకు షేరు కొనేముందు డివిడెండ్ లెక్క ఎలా చూడాలి?

"120 శాతం డివిడెండ్" అని పేపర్లో కనబడగానే ఫోన్ తీసి షేరు కొనేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. బ్యాంకు షేరు దగ్గర ఈ తొందర పనికిరాదు. లాభంలోంచి వాటాదారులకు ఎంత ఇస్తున్నారన్నది తర్వాత చూడొచ్చు, ఇచ్చే స్తోమత ఉండి ఇస్తున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇక్కడ చెప్పేది ఒక ఊళ్లో పుట్టి ఆ చుట్టుపక్కలే బలంగా ఎదిగిన ప్రైవేటు బ్యాంకుల గురించి. కుంభకోణంలో 1904లో మొదలైన సిటీ యూనియన్ బ్యాంకు, కరూర్‌లో 1916లో పుట్టిన కరూర్ వైశ్యా బ్యాంకు, మంగళూరు కర్ణాటక బ్యాంకు, త్రిశూర్ సౌత్ ఇండియన్ బ్యాంకు ఇలాంటివే. కరూర్ వైశ్యాకు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా శాఖలున్నాయి కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

1. శాతాన్ని రూపాయల్లోకి మార్చండి

డివిడెండ్ శాతం ముఖ విలువ (కంపెనీ కాగితాల్లో షేరుకు రాసుకున్న విలువ) మీద లెక్క, మీరు కొనే ధర మీద కాదు. 2023-24కు కరూర్ వైశ్యా ప్రకటించింది 120 శాతం. షేరు ముఖ విలువ రూ.2 కాబట్టి చేతికొచ్చేది రూ.2.40. షేరును రూ.200కు కొన్నారనుకుంటే మీ పెట్టుబడి మీద వచ్చింది 1.2 శాతమే. వడ్డీలాంటి రాబడి కావాలనుకునేవాళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్టే నయం. ఇలాంటి షేరు కొనేది ప్రధానంగా బ్యాంకు ఎదుగుతుందన్న నమ్మకంతో.

2. లాభంలో ఎంత పంచారో చూడండి

అదే ఏడాది బ్యాంకు నికర లాభం సుమారు రూ.1,605 కోట్లు. అప్పటి షేర్లు దాదాపు 80 కోట్లు. షేరుకు రూ.2.40 చొప్పున పంచింది రూ.193 కోట్ల దాకా, అంటే లాభంలో 12 శాతం. మిగతా 88 శాతం బ్యాంకులోనే ఉండిపోయింది.

ఇది పిసినారితనమని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. బ్యాంకు రూ.100 అప్పు ఇవ్వాలంటే, ఆ అప్పును పూర్తి రిస్కుగా లెక్కగడితే, సొంత మూలధనం కనీసం రూ.11.50 ఉండాలి (9 శాతం, దానిపైన 2.5 శాతం రక్షణ నిల్వ). ఆ లెక్కన డివిడెండ్‌గా బయటికి వెళ్లిన ప్రతి రూ.100 వల్ల దాదాపు రూ.870 అప్పులిచ్చే సత్తా తగ్గుతుంది. వ్యాపారం పెంచుకుంటున్న చిన్న బ్యాంకు లాభాన్ని దాచుకోకపోతే, రేపు కొత్త షేర్లు జారీ చేసి మీ వాటానే పలుచన చేస్తుంది. దాచుకున్న డబ్బుతో లాభం నిజంగా పెరుగుతోందా అని మాత్రం గట్టిగా అడగాలి. ఐదేళ్ల ఆర్‌ఓఈ (వాటాదారుల సొమ్ము మీద వచ్చిన లాభ శాతం), షేరుకు పుస్తక విలువ (బ్యాంకు ఆస్తుల్లో అప్పులు పోగా ఒక్కో షేరుకు మిగిలేది) పక్కపక్కన రాసుకుంటే జవాబు దొరుకుతుంది.

3. డివిడెండ్ పాలసీ చదవండి

మార్కెట్ విలువలో తొలి 1,000 కంపెనీలు డివిడెండ్ పంపిణీ విధానాన్ని వెబ్‌సైట్లో పెట్టాలని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నియమం. నాలుగైదు పేజీలకు మించదు, ఓపికగా చదవండి. ఏ పరిస్థితుల్లో ఇవ్వరు, మిగుల్చుకున్న లాభాన్ని దేనికి వాడతారు అన్నవి అందులో ముఖ్యం.

4. ఆర్‌బీఐ చెయ్యి గుర్తుంచుకోండి

బ్యాంకు బోర్డు ఇష్టమొచ్చినంత పంచలేదు. 2005లో ఆర్‌బీఐ పెట్టిన నియమాల్లో నికర ఎన్‌పీఏ (కేటాయింపులు పోగా మిగిలిన మొండిబాకీలు) 7 శాతం లోపు ఉండాలని, ఎంత మంచి బ్యాంకైనా లాభంలో 40 శాతం దాటి ఇవ్వకూడదని ఉంది. ఈ పరిమితులను సవరిస్తుంటారు కాబట్టి కొనేనాటికి అమల్లో ఉన్న సర్క్యులర్ చూసుకోండి. 2020లో కొవిడ్ వచ్చినప్పుడైతే 2019-20 లాభాల నుంచి అసలు డివిడెండే వద్దన్నారు. మరుసటి ఏడాది మామూలు పరిమితిలో సగానికే ఒప్పుకున్నారు. రిటైరై, డివిడెండ్ డబ్బులతో నెల గడుపుకుందామనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

5. బ్యాంకు ఆరోగ్యం చూడండి, ఇదే అసలు పరీక్ష

ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో ప్రతి మూడు నెలల ఫలితాలు ఉంటాయి. నికర ఎన్‌పీఏ, మూలధన నిష్పత్తి (రిస్కున్న అప్పులతో పోలిస్తే సొంత మూలధనం ఎంత), కొత్తగా మొండిబాకీలుగా మారిన అప్పులు, చౌకగా వచ్చే కరెంటు, సేవింగ్స్ ఖాతాల వాటా: ఈ నాలుగూ ఎనిమిది త్రైమాసికాలకు రాసుకోండి. అప్పులన్నీ ఒకే ప్రాంతంలో, ఒకే రంగంలో ఉంటే అక్కడ దెబ్బ తగిలినప్పుడు బ్యాంకు మొత్తం కదులుతుంది.

లక్ష్మీ విలాస్ బ్యాంకు కూడా కరూర్‌దే. 2017-18 నుంచి వరుసగా మూడేళ్లు నష్టాలు. 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ దాన్ని దిద్దుబాటు చర్యల కిందికి తెచ్చింది. 2020 నవంబరులో సింగపూర్‌కు చెందిన డీబీఎస్ బ్యాంకులో కలిపేసినప్పుడు డిపాజిటర్ల డబ్బు భద్రంగా ఉంది, షేర్లు మాత్రం సున్నా అయ్యాయి. మన హైదరాబాద్ గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 2004లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసినప్పుడూ వాటాదారులకు ఏమీ దక్కలేదు. ఆంధ్రా బ్యాంకు కథ వేరు. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు ప్రతి 1,000 షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. బ్యాంకు ఎంత పాతదైనా, ఎంత మనదైనా వాటాదారు వరుసలో ఆఖరివాడే. అందుకే ఒక్క ప్రాంతీయ బ్యాంకులో మీ షేర్ల పెట్టుబడిలో 5 శాతానికి మించి పెట్టొద్దని నా సలహా.

6. కొనడం, డబ్బు అందుకోవడం

డివిడెండ్ కావాలంటే ఎక్స్-డేట్‌కు (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాదు) కనీసం ఒక ట్రేడింగ్ రోజు ముందే కొనాలి. డివిడెండ్ కోసమే ముందురోజు కొనడం వల్ల లాభమేమీ లేదు, ఎక్స్-డేట్ నాడు ధర సాధారణంగా ఆ మేరకు తగ్గుతుంది. వచ్చిన డివిడెండ్ మీ ఆదాయంలో కలిసి మీ స్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది. ఒకే కంపెనీ నుంచి ఏడాదికి రూ.10,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. విదేశాల్లో ఉన్న ఎన్ఆర్ఐలకు ఈ మినహాయింపు లేదు, మొదటి రూపాయి నుంచే కోత.

డీమ్యాట్‌లో బ్యాంకు ఖాతా నంబరు, నామినీ వివరాలు సరిచూసుకోండి. ఇంట్లో నాన్నగారో తాతగారో కొన్న కాగితం షేర్లుంటే ఇంకా జాగ్రత్త. ఏడేళ్లపాటు ఎవరూ తీసుకోని డివిడెండ్ ప్రభుత్వం దగ్గరున్న ఐఈపీఎఫ్ (ఇన్వెస్టర్ల రక్షణ) నిధికి వెళ్లిపోతుంది, వరుసగా ఏడేళ్లు అలాగే ఉంటే ఆ షేర్లు కూడా. వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ కాగితాల పని చాలా ఉంటుంది. ముందు కంపెనీ రిజిస్ట్రార్‌కు (వాటాదారుల లెక్కలు చూసే సంస్థ) షేరు కాగితం మీదున్న ఫోలియో నంబరుతో రాసి, ఏయే ఏడాది డివిడెండ్ పెండింగ్‌లో ఉందో అడగండి.