బెదిరే కోడిపిల్లలను మచ్చిక చేసుకోవడం ఎలా?

కోడిపిల్లల నర్సరీలో ఆరు వారాలు పెరిగి వచ్చిన వనరాజా, గ్రామప్రియ రకం పెరటికోడి పిల్లలు మనిషి అలికిడికే మూలకు పరిగెత్తి ఒకదాని మీద ఒకటి పడతాయి. చాలామంది వాటిని తరిమి పట్టుకుని, ఒళ్లో అదిమిపెట్టుకుని, "అదే అలవాటవుతుందిలే" అంటారు. అవ్వదు, బెదురు ఇంకా ముదురుతుంది.

జాలీ గూడు, నీళ్ల తొట్టి, గుప్పెడు నూకలు చాలు. తెచ్చాక రెండు రోజులు వాటి జోలికి వెళ్లొద్దు. మూడో రోజు నుంచి పొద్దున్నే, మేత వేయకముందే, గూటి దగ్గర పావుగంట కూర్చోండి. స్టూలు వద్దు, నేల మీదే. రోజూ ఒకటే పిలుపు ఉండాలి. మా ఇంట్లో "బా బా బా". నూకలు ముందు దూరంగా చల్లి, రోజుకు కాస్త దగ్గరగా వేస్తూ రండి.

అసలు చిక్కంతా చేతి దగ్గరే. కోడిపిల్లకు పైనుంచి వచ్చేదేదైనా గద్దతో సమానం. అందుకే చెయ్యి పైనుంచి చాపొద్దు. అరచెయ్యి వెల్లకిలా నేలకు ఆనించి, అందులో నూకలు పోసి కదలకుండా ఉండండి. పిల్ల మెడ చాచి, తల పక్కకు తిప్పి ఒంటికంటితో చూస్తుంది. ఒక్క పోటు పొడిచి వెనక్కి దూకుతుంది. సరిగ్గా అప్పుడే ఆశపడి వేళ్లు మూసేస్తారు. వారం రోజుల కష్టం అక్కడితో పోతుంది, అది చూసిన మిగతావీ దగ్గరకు రావు. ముక్కు గుచ్చుకున్నా చెయ్యి లాక్కోవద్దు. అరచేతిలోకి ఎక్కి తినేదాకా నిమరాలనే ఆలోచనే వద్దు. ఆ తర్వాతైనా వీపు మీద కాదు, రొమ్ము కింద ఒక్క వేలితో. ఎత్తాలంటే పొట్ట కింద చెయ్యి పెట్టండి. కాలో రెక్కో పట్టి లేపడం నాకు చూడబుద్ధి కాదు.

చీకట్లో పట్టుకోవడం తేలికే, కానీ అది మందు వేయడానికి పనికొస్తుంది, మచ్చికకు కాదు. బిస్కెట్ ముక్కలూ వద్దు. చెదలను మించిన ఎర లేదు. పాత కుండలో తడిపిన పేడ, ఎండుగడ్డి కూరి చెదలున్న చోట రాత్రి బోర్లించి చూడండి.

రాణిఖేత్ (కొక్కెర తెగులు) టీకా రోజున మాత్రం పిల్లలను ఇంట్లో ఇంకెవరి చేతనైనా పట్టించండి. మేత పెట్టే చేతికి ఆ భయం అంటకూడదు.

ఒకటో రెండో చివరిదాకా దూరంగానే ఉంటాయి. వాటి వెంట పడొద్దు. మా నల్ల పెట్ట నెలన్నర పాటు జామచెట్టు వెనకే నిలబడి చూసి, ఒకరోజు దానంతటదే వచ్చి నా మోకాలెక్కింది.