శబరి వరద బాధితులకు విరాళాలు సేకరించే ముందు: సొంత ఖాతా జోలికి పోవద్దు

జూలై వచ్చిందంటే చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల వారి చూపు భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం మీదే ఉంటుంది. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. గోదావరి పోటెత్తితే కూనవరం వద్ద అందులో కలిసే శబరి ఎగదన్నుతుంది, రోడ్లు మునిగి ఊళ్లు దీవులవుతాయి. ఆ వార్త చూసి పట్టణాల్లోని యువకులు తమ సొంత క్యూఆర్ కోడ్ పెట్టి విరాళాలు అడుగుతారు. గత వరదలో అలా సేకరించిన ఒక యువకుడి ఖాతాను బ్యాంకు స్తంభింపజేసిందని విన్నాక, ఈ ఏడాది వాన ముదరకముందే ఈ జాగ్రత్తలు రాయడం అవసరమనిపించింది.

చిరిగిన బట్టలు పంపవద్దన్న సంగతి అందరికీ తెలిసిందే కనుక దాన్ని వదిలేస్తాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: విరాళాన్ని మీ సొంత ఖాతాలోకి తెప్పించుకోవద్దు.

ఆ యువకుడు రూపాయి కూడా తినలేదు. అతనికి వచ్చిన వందలాది చెల్లింపుల్లో ఒకటి ఎవరో సైబర్ మోసగాడు కాజేసిన సొమ్ము. సొమ్ము పోగొట్టుకున్న వ్యక్తి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేస్తే, అది చేతులు మారిన ఖాతాలన్నింటి మీదా ఆంక్షలు పడే అవకాశం ఉంటుంది. టార్పాలిన్ల వ్యాపారికి చెల్లించవలసిన డబ్బు బ్యాంకులో ఇరుక్కుపోయింది, సగం నిండిన వ్యాను అక్కడే నిలిచిపోయింది, విరాళం ఇచ్చినవారు లెక్క అడగసాగారు. ఖాతా తెరుచుకునేసరికి వరద తీసింది, అతని పేరు మాత్రం తేరుకోలేదు. ఇలాంటివి ఇంకా చూశాను. ప్రతిచోటా మూలం సొంత ఖాతాయే.

పన్ను చిక్కు కూడా ఉంది. బంధువులు కానివారి నుంచి ఒక ఏడాదిలో ఊరికే వచ్చిన డబ్బు 50,000 రూపాయలు దాటితే దానిని మీ ఆదాయంగా చూడవచ్చు, అది వరద బాధితుల కోసమేనని రుజువు చేసుకోవలసిన భారం మీ మీదే పడుతుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు పంపేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా దానిని స్వీకరించడం నేరం. కాబట్టి నమోదైన సంస్థను ముందే వెతికి, దాని ఖాతాకే నేరుగా పంపమని చెప్పి, రసీదులు అక్కడి నుంచే ఇప్పించండి. నగదు ఇస్తామన్నవారికి 2,000 రూపాయలు దాటితే పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి.

ఇక సరుకుల సంగతి. ప్రభుత్వ సాయంలో సాధారణంగా బియ్యం, పప్పు, నూనె ఉంటాయి. మీరూ బియ్యమే తెస్తే గుట్ట మీద తడి కట్టెలతో కుస్తీ పడుతున్న కుటుంబానికి రెండో మూట భారమే. వారికి వెంటనే కావలసింది పైన కప్పుకోవడానికి టార్పాలిన్, దాన్ని కట్టడానికి తాడు, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ పొట్లాలు, దోమతెరలు, టార్చిలైట్లు. తినే సరుకు తీసుకెళ్లక తప్పకపోతే ఒక మనిషి భుజాన మోయగలిగినంత మూటలుగా, రెండు పొరల ప్లాస్టిక్‌లో కట్టండి. పడవ అడుగున నిలిచిన నీటిలో నానిన గోనె బస్తా మర్నాటికే ముక్క వాసన కొడుతుంది.

చింతూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు, తహసీల్దారుకు చెప్పకుండా బయలుదేరవద్దు. ఏ ఊరికి ఏది అందిందో వారిని అడిగి, అందనిచోటికే వెళ్లండి. రోడ్డు పక్క ఊళ్లకే మూడుసార్లు పంచి, లోపలి కోయ, కొండరెడ్డి గూడేలకు ఒక్కసారీ వెళ్లకపోవడం ప్రతి వరదలోనూ జరుగుతోంది. ఇంటింటి జాబితా ఊరివారే రాయాలి, దానిని నలుగురి ముందు చదవాలి. ఆధార్ కార్డుల ఫొటోలు తీయవద్దు. మూట పట్టుకున్న ముసలమ్మ ముఖం ముందు కెమెరా పెట్టవద్దు. చీకటి పడ్డాక పడవ ఎక్కవద్దు. లైఫ్ జాకెట్ లేనివారిని ఎక్కనివ్వవద్దు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు వద్ద లాంచీ మునిగింది వరద నీటిలోనే. కరెంటు పోతే సెల్ టవర్లు కూడా మూగబోవచ్చు, కనుక తిరిగివచ్చే సమయాన్ని ఒడ్డున ఉన్నవారికి రాసి ఇవ్వండి. బిల్లు లేని కొనుగోలు చేయవద్దు. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాత్రే దాతలకు చూపండి. డబ్బు పొందడానికి పిన్ కొట్టమని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. అత్యవసరమనీ, ఒక్క రోజుకేననీ, స్నేహితులేననీ ఎవరు ఎంత ఒత్తిడి చేసినా సొంత ఖాతా నంబరు ఇవ్వవద్దు. మిగిలిన సొమ్మును దాతల సమ్మతి లేకుండా మరో పనికి మళ్లించవద్దు. సేకరణ ముగిసిన రోజే ఆ సంగతి ప్రకటించి, సంస్థ క్యూఆర్ కోడ్ ఉన్న ప్రతి పోస్టునూ తీసివేయండి. లేకుంటే ఎవరో ఆ పోస్టు మీద తమ కోడ్ అతికించి మీ పేరుతోనే వసూలు చేస్తారు.