హాఫ్‌లైఫ్‌ని ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఆడాలనుకుంటే

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ నెట్ కేఫ్‌ల్లో కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్లకి హాఫ్‌లైఫ్ అనే షూటింగ్ ఆట పేరు కొత్త కాదు, ఎందుకంటే కౌంటర్ స్ట్రైక్ పుట్టిందే దానికి మోడ్‌గా, అంటే దాన్నే మార్చి చేసిన ఆటగా. కానీ 1998లో వచ్చిన ఆ అసలు ఆటని మొదటి నుంచి చివరిదాకా ఆడినవాళ్లు తక్కువ. గంటకి ఇంత అని కట్టి కూర్చున్నప్పుడు, పక్క సిస్టమ్స్‌లో ఫ్రెండ్స్ అంతా ఒక మ్యాప్‌లో చేరిపోయి పిలుస్తుంటే, ఒంటరిగా ఆడే కథకి టైం ఎక్కడిది? ఆడినవాళ్లు కూడా తలుపు కనిపిస్తే దూరి, మనిషి కనిపిస్తే కాల్చి, పరుగు మీద ఆడారు. ఈ ఆట అలా ఆడితే సగమే తెలుస్తుంది. ఇప్పుడు మీటర్ తిరగడం లేదు కాబట్టి నిదానంగా ఆడండి. నేను చెప్పే మిగతా విషయాలన్నీ దానికోసమే.

ముందు ఏది కొనాలో చూద్దాం. పీసీ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ఉత్త హాఫ్‌లైఫ్ అని ఉన్నదే తీసుకోండి, సేల్ వచ్చినప్పుడు చాలా చవగ్గా వస్తుంది. హాఫ్‌లైఫ్ సోర్స్ అని ఇంకోటి ఉంది, పాత ఆటనే తర్వాతి ఇంజిన్‌లోకి తెచ్చి పెట్టింది, దాంట్లో బగ్స్ ఎక్కువ, దాని జోలికి పోవద్దు. 2023 నవంబర్‌లో 25 ఏళ్లు నిండిన సందర్భంగా దీన్ని తయారుచేసిన కంపెనీ వాల్వ్ అసలు ఆటకే పెద్ద అప్‌డేట్ ఇచ్చింది, దాంతో వైడ్‌స్క్రీన్ సమస్య పోయింది, మెనూలు పెద్ద మానిటర్‌లో కూడా చదవడానికి వీలుగా ఉంటాయి, చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో కూడా బాగా నడుస్తుంది. ఇక సిస్టమ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. 500 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 96 ఎంబీ ర్యామ్ అడిగే ఆట ఇది, ఆఫీసు పనికి కొన్న లాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. మౌస్ మాత్రం కావాలి, టచ్‌ప్యాడ్ మీద ఆడే ఆట కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో దొరికే మామూలు వైర్డ్ మౌస్ చాలు.

సెట్టింగ్స్‌లో మార్చాల్సినవి కొన్నే. వైడ్‌స్క్రీన్ ఫీల్డ్ ఆఫ్ వ్యూ ఆన్ చేయండి, లేకపోతే గదులన్నీ ఇరుకుగా కనిపించి కాసేపటికి తల తిరుగుతుంది. మౌస్‌కి రా ఇన్‌పుట్ పెట్టండి, అంటే విండోస్ మార్పులేవీ లేకుండా మీ చేతి కదలిక నేరుగా ఆటకి అందుతుంది. హెచ్‌డి మోడల్స్ టిక్ అయి ఉంటే తీసేయండి, ఇది మాత్రం నేను గట్టిగా చెప్తాను. అవి 2001లో బ్లూ షిఫ్ట్ అనే దీని అనుబంధ ఆటతో వచ్చినవి, తుపాకుల రూపం కూడా మార్చేశాయి, చుట్టూ గోడలు 1998 నాటివి, మనుషులు మాత్రం వేరే కాలం వాళ్లు అన్నట్టు ఉంటుంది. టెక్స్చర్లు నున్నగా కనిపించకుండా చేసే ఆప్షన్ కూడా ఉంది, పాత గరుకు రూపం ఇష్టమైతే అది పెట్టుకోండి, నాకు అలానే బాగుంటుంది.

హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. బయట గల్లీలో బోనాల డప్పులు మోగుతున్నా, ఎదురింట్లో బోరు వేస్తున్నా ఆటలో శబ్దం చెవిన పడాలి, ఎందుకంటే ఇందులో చెవులతోనే సగం ఆడాలి. సంగీతం అక్కడక్కడా మాత్రమే వస్తుంది. మిగతా టైం అంతా మెషీన్ల హోరు, పైపుల్లోంచి ఏదో పాకుతున్న చప్పుడు, సైనికుల రేడియో మాటలు. వాళ్లు గ్రెనేడ్ వేసే ముందు ఒకరికొకరు చెప్పుకుంటారు, అది వినపడితే మీకు తప్పుకోవడానికి టైం దొరుకుతుంది.

మొదలుపెట్టే ముందు మెనూలో హజార్డ్ కోర్స్ అనే ట్రైనింగ్ ఉంటుంది, అది ఆడండి. ఇన్నేళ్ల తర్వాత వేళ్లకి అలవాటు పోయి ఉంటుంది, ముఖ్యంగా ఎగిరి గాల్లో ముడుచుకుని పైకెక్కడం, స్పేస్ నొక్కి వెంటనే కంట్రోల్ నొక్కాలి. అది రాకపోతే ఆటలో చాలా చోట్ల ఇరుక్కుపోతారు. డిఫికల్టీ మీడియం పెట్టుకోండి. హార్డ్‌లో సైనికులకి ప్రాణం 50 నుంచి 80కి పెరుగుతుంది, మందుగుండు లెక్క చూసుకుంటూ ఆడటం ఇష్టమైతే తప్ప మొదటిసారి అది వద్దు.

ఇక అసలు ఆట. మొదట్లో వచ్చే ట్రామ్ ప్రయాణంలో ఏ బటనూ నొక్కాల్సిన పని లేదు, కాల్చడానికి ఎవరూ లేరు. కేఫ్‌లో అయితే అప్పుడే కుర్చీలోంచి లేచి నీళ్లు తాగొచ్చేవాళ్లు. ఇప్పుడు కూర్చుని చూడండి. ట్రామ్‌లో అటూ ఇటూ నడుస్తూ కిటికీల్లోంచి చూస్తే కథ జరిగే బ్లాక్ మీసా పరిశోధన కేంద్రం ఎంత పెద్ద చోటో, ఎంతమంది అక్కడ మామూలుగా పని చేసుకుంటున్నారో అర్థమవుతుంది, ప్రమాదం జరిగాక అదంతా కూలిపోతుంటే బాధ కలిగేది ఆ ఐదు నిమిషాల వల్లే. ఆట మొత్తంలో దాదాపు ఎక్కడా మీ చేతిలోంచి కంట్రోల్ లాక్కుని సినిమా చూపించరు, కథంతా మీ కళ్ల ముందే, మీరు నడుస్తుండగానే జరుగుతుంది. కాబట్టి సైంటిస్టులు మాట్లాడుతుంటే ఆగి వినండి, సెక్యూరిటీ గార్డులని వెంట తీసుకెళ్లండి. సరదాకి కూడా వాళ్లని కాల్చొద్దు, తలుపులు తెరిచేది వాళ్లే. బ్రీఫ్‌కేస్ పట్టుకున్న సూటు మనిషి దూరంగా అద్దాల వెనక, పై అంతస్తుల్లో కనిపిస్తుంటాడు, తల ఎత్తి చూసే అలవాటు చేసుకుంటే ఎన్నిసార్లు మిమ్మల్ని గమనించాడో తెలుస్తుంది.

ఎక్కడైనా గ్రహాంతర జీవులూ సైనికులూ ఒకచోట కనిపిస్తే మీరు వెంటనే దూకకండి. గోడ చాటున ఆగండి, వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు, మిగిలినవాళ్లని తర్వాత చూసుకోవచ్చు.

బ్లాస్ట్ పిట్ అనే చాప్టర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నిదానంగా ఆడమని నేను ఎందుకంటున్నానో అక్కడే తెలుస్తుంది. పెద్ద గొయ్యిలోంచి లేచిన మూడు టెంటకిల్స్, అంటే పాముల్లాంటి పెద్ద చేతులు, ఉంటాయి, వాటికి కళ్లు లేవు, శబ్దం ఎక్కడ వస్తే అక్కడ పొడుస్తాయి. తుపాకీతో వాటిని చంపలేరు, ఎంత కాల్చినా వృథా. ముడుచుకుని మెల్లగా వెళ్లండి, దగ్గరికి వస్తే ఇంకో వైపుకి గ్రెనేడ్ విసరండి, అవి ఆ చప్పుడు వైపు తిరిగినప్పుడు దాటేయండి. తర్వాత ఇంధనం, ఆక్సిజన్, కరెంటు మూడూ వేరే వేరే చోట్ల ఆన్ చేసి వచ్చి, పైనున్న రాకెట్ ఇంజిన్‌ని మండించాలి. 1998లో ఒక షూటింగ్ ఆట తుపాకీని పక్కన పెట్టి ఊపిరి బిగబట్టుకోమని అడగడం మామూలు విషయం కాదు. ఈరోజు ఆడినా అంతే భయం వేస్తుంది.

సేవ్ విషయంలో ఒక్క క్విక్ సేవ్ మీదే ఆధారపడొద్దు. ఎఫ్6 సేవ్, ఎఫ్7 లోడ్, బాగానే ఉంటాయి, కానీ కాళ్ల దగ్గర గ్రెనేడ్ ఉండగా ఎఫ్6 నొక్కితే చాలా వెనక్కి పోవాల్సి వస్తుంది. కొత్త చాప్టర్ మొదలవగానే మెనూలోకి వెళ్లి విడిగా సేవ్ చేయండి. ఎండాకాలం సాయంత్రాలు కరెంటు పోయే ఏరియాలో ఉండి డెస్క్‌టాప్‌లో ఆడుతుంటే ఇది ఇంకా అవసరం. క్వశ్చనబుల్ ఎథిక్స్ చాప్టర్‌లో సైంటిస్టులు బతికి ఉండాలి, చివరి తలుపు వాళ్లే తీయాలి. సర్ఫేస్ టెన్షన్ చాప్టర్‌లో లేజర్ తీగలతో నిండిన గోడౌన్ వస్తుంది, ఒక్క తీగ తగిలినా అంతా పేలిపోతుంది, లోపల అడుగుపెట్టే ముందే సేవ్ చేసుకోండి.

ఆన్ ఎ రైల్ చాప్టర్‌లో దారి తప్పడం మామూలే, పట్టాల పక్కన గోడల మీద రాసిన గుర్తులు చూసుకుంటూ పోతే బయటపడతారు. చివర్లో వచ్చే జెన్ అనే గ్రహాంతర జీవుల లోకం మిగతా ఆటంత బాగా ఉండదు, అక్కడ గురుత్వాకర్షణ తక్కువ, రాయి మీంచి రాయి మీదకి దూకడమే పని. నీటి గుంటల్లాంటివి కనిపిస్తే వాటిలో నిలబడండి, ప్రాణం పెరుగుతుంది. ఆఖరి శత్రువు నిహిలాంత్ దగ్గర ముందు చుట్టూ ఉన్న పసుపు స్ఫటికాలు పగలగొట్టండి, అవి ఉన్నంతసేపూ దాని గాయాలు మానిపోతూనే ఉంటాయి.

అయిపోయాక 1999లో వచ్చిన అపోజింగ్ ఫోర్స్ ఆడండి, అదే ప్రమాదాన్ని ఈసారి సైనికుడి వైపు నుంచి చూపిస్తుంది. తర్వాత సెక్యూరిటీ గార్డు బార్నీగా ఆడే బ్లూ షిఫ్ట్ ఉంది, అది చిన్నది. 2020లో పూర్తయిన బ్లాక్ మీసా రీమేక్ కూడా మంచిదే, అభిమానులు ఏళ్ల తరబడి కష్టపడి చేశారు, జెన్‌ని పూర్తిగా కొత్తగా కట్టారు. కానీ దాన్ని అసలు ఆట ముగిశాకే ఇన్‌స్టాల్ చేయండి, ముందు అది ఆడితే పాతదాని గదులు ఖాళీగా అనిపించి మధ్యలోనే వదిలేస్తారు.